రానివాళ్ళని అడిగే పాఠం

ఆస్పత్రి కింది అంతస్తులో, మెట్ల వెనకాల, ఒకే ఒక్క కిటికీ ఉన్న పొడుగాటి గదిలో ఆమె పందొమ్మిదేళ్ళుగా రోగుల ఫైళ్ళు చూసుకుంటోంది. అందరూ ఫైళ్ళమ్మ అనే పిలుస్తారు. పొద్దున్నే వచ్చి తాళం తీసి, చెప్పులు గుమ్మం పక్కన విడిచి, తడిగుడ్డతో బల్ల తుడుచుకుని కూర్చుంటుంది. పైనుంచి చీటీ వస్తుంది. చీటీ కూడబలుక్కుని చదువుకుని, అరల వైపు తిరిగి, గొంతు సవరించుకుని అడుగుతుంది. అడిగిన ఫైలు అర మీంచి జారి, నేల మీద అంచులతో అడుగులేసుకుంటూ వచ్చి బల్ల ముందు నిలబడుతుంది. దాని దుమ్ము దులిపి పైకి పంపిస్తుంది.

కిటుకంతా అడగడంలోనే ఉంది. ఒకసారి కొత్తగా చేరిన డాక్టరొకాయన తొందరపడి, "పాత ఫైళ్ళన్నీ ఇలా రండి" అన్నాడు. నడుం దాకా కూరుకుపోయాడు. నలుగురు కలిసి లాగితే గానీ బయటపడలేదు, అదీ ఒక చెప్పు పోగొట్టుకుని. ఫైళ్ళమ్మ మాత్రం ఎప్పుడూ సరిగ్గానే అడిగేది. ఏవి కావాలి, ఏ అరలోంచి కావాలి, ఎలాంటివి కావాలి. మనుషులతో మాట్లాడాలంటే చెమటలు పట్టే మనిషికి, ఫైళ్ళ దగ్గర మాత్రం మాట తడబడేది కాదు.

ఆ సోమవారం సూపరింటెండెంటు దిగొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"చూడమ్మా, రికార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేశారు. ఇక దాన్నే అడగాలి. దాన్ని అడిగే భాష పేరు ఎస్.క్యూ.ఎల్. నెల తర్వాత పరీక్ష. నెగ్గినవాళ్ళు ఈ గదిలో కంప్యూటరు ముందు కూర్చుంటారు, మిగతావాళ్ళు దుప్పట్ల గదికి. చదువుకోడానికి మనిషికో పుస్తకం ఆఫీసే ఇస్తుంది. ఏది కావాలో సాయంత్రం ఐదు లోపల వచ్చి చెప్పు. చెప్పకపోతే మిగిలిందే గతి."

ఫైళ్ళమ్మ తలాడించింది. ఆయన వెళ్ళాక గానీ ఊపిరి తీసుకోలేదు. ఆమె చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. ఇక దుప్పట్ల గదే అనుకుంది. దుప్పట్లని ఏమడుగుతాం? అడిగినా అవి పలకవు.

భోజనాల వేళకి పక్కవీధి పుస్తకాలాయన మూడు పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "కొత్తవాళ్ళ కోసం రాసినవేనమ్మా మూడూ. తిరగేసి చూసుకోండి" అని వెళ్ళిపోయాడు. ఒకటి ఎర్ర అట్టది, ఇటుకంత మందం. రెండోది రంగురంగుల బొమ్మలది, ఒక్క రోజులో నేర్పేస్తానంటుంది. మూడోది సన్నంగా ఉంది, అట్ట మీద బొమ్మే లేదు.

ఏది మంచిదో ఎలా తెలుస్తుంది? ముందూ వెనకా తిప్పి చూసింది. వాసన కూడా చూసింది.

"పుస్తకాన్ని వాసన చూసి ఎంచుకోవడం నిన్నే చూశానక్కా!" టైపిస్టు వచ్చి బల్ల అంచు మీద కూర్చుంది. పై అంతస్తులో పనిచేస్తుంది, నోటికి మూత లేదు, మెడ చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక గుడ్డ. "ఈ ఫైళ్ళకి చదివి వినిపించకూడదూ? అడగడం గురించి వీటికంటే ఎవరికి తెలుసు?"

ఆ మాట ఫైళ్ళమ్మకి నచ్చింది. ఎర్రదాన్ని తెరిచి మొదటి పేజీ నుంచి పైకి చదవడం మొదలుపెట్టింది. కంప్యూటరు ఎప్పుడు పుట్టిందో, దాని తాతలెవరో చెబుతోంది పుస్తకం. అరల్లో ఒక్క కాగితం కూడా కదల్లేదు. మూల అరలో ఒక లావుపాటి ఫైలు నిద్రలో పక్కకి ఒరిగింది.

"అయ్యో పాపం, నాకూ ఆవలింతలొస్తున్నాయి. ఇలా ఇవ్వు" అంటూ టైపిస్టు బొమ్మల పుస్తకం లాక్కుంది. మొదటి ఉదాహరణే గట్టిగా చదివింది. "సెలెక్ట్ అన్నీ. ఫ్రమ్ రోగులు..."

"ఆగవే పిల్లా!" అని ఫైళ్ళమ్మ అరిచేలోపే నాలుగు గోడల ఫైళ్ళూ దూకేశాయి. ఇద్దరూ బల్లెక్కి నిలబడాల్సొచ్చింది. అన్నిటినీ బతిమాలి వెనక్కి పంపేసరికి మూడున్నర.

"ఎలాంటివి కావాలో చెప్పకుండానే పిలిచేసింది చూడు నీ పుస్తకం" అంది ఫైళ్ళమ్మ రొప్పుతూ.

"బొమ్మలు మాత్రం బాగున్నాయక్కా" అంది టైపిస్టు.

సన్నపుస్తకం మొదటి పేజీలో ఒకటే మాట ఉంది. ముందు నీకేం కావాలో నీ మాటల్లో కాగితం మీద రాసుకో, ఆ తర్వాతే కంప్యూటరు దగ్గరికి రా, అని. ఫైళ్ళమ్మ ఆ మాట రెండుసార్లు చదువుకుంది. కింద ఉన్న ఉదాహరణని వేలు పెట్టి చదివింది. పేర్లు కావాలి, రోగుల పట్టీలోంచి, పోయిన నెల జ్వరంతో వచ్చినవాళ్ళవి, తేదీల వరసలో. నాలుగు ఫైళ్ళు బయల్దేరాయి. వచ్చి ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి, తేదీల వరసలోనే.

"తేలిపోయింది. పద, వెళ్ళి పేరు చెప్పేసిరా" అంది టైపిస్టు.

కానీ ఫైళ్ళమ్మకి ఆ పుస్తకం చేతిలోంచి దింపబుద్ధి కాలేదు. ఇంకా ఏమేం అడగొచ్చు దీంతో? పేజీలు తిప్పుకుంటూ ఐదో పాఠం దగ్గర ఆగింది. ఒక పట్టీలో ఉండి రెండో పట్టీలో లేనివాళ్ళని ఎలా అడగాలో ఉందందులో. ఇన్నేళ్ళలో వచ్చినవాళ్ళనే అడిగింది గానీ, రానివాళ్ళని అడగొచ్చని ఆమెకి తట్టనే లేదు. చీటీ వెనక తన మాటల్లో రాసుకుని, అరల వైపు తిరిగి చదివింది.

"ఈ ఏడాది మూడో అంతస్తులో జబ్బు పరీక్షకి నమూనా ఇచ్చినవాళ్ళలో, ఫలితం కోసం రానివాళ్ళు."

చాలాసేపు ఏదీ కదల్లేదు. తర్వాత అట్టడుగు అరలోంచి ఒక పల్చటి ఫైలు, వద్దామా వద్దా అన్నట్టు ఆగి ఆగి వచ్చింది. ఫైళ్ళమ్మ వంగి పేరు చూసింది. తలెత్తి టైపిస్టుని చూసింది.

టైపిస్టు మెడ మీద గుడ్డని రెండు చేతులతో పట్టుకుంది. "చిన్న గడ్డేలే అక్కా. సూదితో కొంచెం తీసుకున్నారు. ఏడు నెలలైంది. ఏం చెబుతారో అని... మళ్ళీ ఆ మెట్లెక్కలేదు."

"ఇప్పుడెక్కుదాం."

"ఐదుకి ఫలితాలిచ్చే ఆ కిటికీ మూసేస్తారు."

"అందుకే లే."

గోడ గడియారంలో ఐదుకి పది తక్కువ. రెండో అంతస్తులో సూపరింటెండెంటు కలం పట్టుకుని తన గది గుమ్మంలోనే ఉన్నాడు. ఆయన ముందు అరడజను మంది. "ఏమ్మా, ఏ పుస్తకం? వరసలో నిలబడు" అన్నాడు. టైపిస్టు ఫైళ్ళమ్మ చెయ్యి విడిపించుకోబోయింది. "నువ్వు చెప్పేసి రా అక్కా, నేనిక్కడే ఉంటా." ఉండదని ఫైళ్ళమ్మకి తెలుసు. దుప్పట్ల గది కళ్ళ ముందు కదిలింది. అయినా చెయ్యి వదల్లేదు. "వస్తానండీ" అని నోట్లోనే గొణిగి మెట్లెక్కేసింది.

కిటికీ మూయబోతుంటే అందుకున్నారు. ఫలితం కాగితం చూసిన డాక్టరు, "కోసి తీసేస్తే సరిపోతుంది. ఇంకో ఆర్నెల్లు ఆగివుంటే నా చేతుల్లో ఉండేది కాదు" అన్నాడు. టైపిస్టు మెడ మీది గుడ్డ విప్పి ఫైళ్ళమ్మ చేతిలో పెట్టింది.

మర్నాడు ఫైళ్ళమ్మకి మిగిలిందే వచ్చింది, ఎర్ర ఇటుక. కుర్చీలో కూర్చుంటే నేలకందని కాళ్ళకి అది పీటగా బాగా పనికొచ్చింది. సన్నపుస్తకం టైపిస్టు కొనిచ్చింది, ఆపరేషనయ్యాక మంచం మీంచే పుస్తకాలాయనకి కబురు పెట్టి. నెల రోజులూ ఫైళ్ళమ్మ దాన్ని అరలకి చదివి వినిపించింది. తప్పు చదివితే తప్పు ఫైలొచ్చేది. సరిదిద్దుకునేది.

పరీక్ష రోజున, మీకు తోచింది ఏదో ఒకటి కంప్యూటర్ని అడగండి అన్నాడు సూపరింటెండెంటు. ఆమెకి ముందు వెళ్ళిన ముగ్గురూ "అన్నీ" అని అడిగి, పొద్దుటంతా దాన్ని మూగపోయేలా చేశారు. ఫైళ్ళమ్మ వంతొచ్చింది. ఒక్కో అక్షరం వెతుక్కుని, ఐదో పాఠం ప్రశ్న కొట్టింది. ఈసారి ఒక్క ఏడాదికి కాదు, అన్ని ఏళ్ళకీ.

ఇరవై మూడు పేర్లు వచ్చాయి. సూపరింటెండెంటు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చదివాడు. "ఇది అడగమని నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదండీ" అంది ఫైళ్ళమ్మ, నేల చూస్తూ.

గది ఆమెకే ఉంది. ఇప్పుడు ప్రతి శుక్రవారం ఆ ప్రశ్న అడుగుతుంది. పేర్లొచ్చాక కాగితం టైపిస్టుకి ఇస్తుంది, ఫోన్లో మాట్లాడటం తన వల్ల కాదు గనక. టైపిస్టు ఫోను చెవికి ఆనించుకుని బల్ల అంచు మీద కూర్చుంటుంది.

"ఆస్పత్రి నుంచండీ. పెట్టెయ్యకండి, పెట్టెయ్యకండి, తిట్టడానికి కాదు. ఏంటీ, పనులా? ఆ పనులు నాకూ ఉండేవి, ఏడు నెలలు. రేపు పదింటికి రండి. మెట్ల దగ్గర నేనుంటాను, కలిసే ఎక్కుదాం."