గేరు చప్పుడు

ఢిల్లీ సరోజినీ నగర్ క్వార్టర్లలో పిల్లలకు వాళ్ళదైన సీనియారిటీ ఒకటి ఉండేది. ఎవరి నాన్న ఏ ఆఫీసులో ఏ కుర్చీలో కూర్చుంటాడన్నది పెద్దవాళ్ళ గొడవ. సాయంత్రం పార్కు చుట్టూ రౌండు మొదలైతే గేరు సైకిలు ముందు, దాని వెనక లావు టైర్లవి, ఆ తర్వాత బుట్ట ఉన్న లేడీస్ సైకిళ్ళు. నాన్న సైకిలు సందులోంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కేవాడు అందరికన్నా వెనక. సైకిలే లేనివాళ్ళు ఎవరో ఒకరి క్యారియరు మీద, వాళ్ళ దయ మీద.

గేరు సైకిలు ఆ చుట్టుపక్కల ఒక్కటే, అరుణ్‌ది. పాత ఢిల్లీలో ఎవరో వాడి వదిలేసినది చూసి వాళ్ళ నాన్న సదాశివరావు కొన్నాడు. హ్యాండిలు పక్కన మీట నొక్కితే టక్కుమనేది. పాల బూత్ మలుపులో ఆ చప్పుడు వినగానే వెనకవాళ్ళంతా సీట్ల మీంచి లేచి నిలబడి తొక్కేవాళ్ళు.

క్యారియరు మీద కూర్చునే చెల్లెలు హరితకు మాత్రం ఒక సంగతి తెలుసు. మీట టక్కుమన్నా చెయిను కదిలేది కాదు. గేర్లు ఎప్పుడో బిగుసుకుపోయాయి.

"ఎవరికైనా చెప్పావో, రేపట్నుంచి నడిచి రా," అనేవాడు అరుణ్.

హరిత చెప్పలేదు. "ఒరేయ్ అరుణ్, నీ తోక జారిపోతోందిరా!" అని పై వాటాలో ఉండే వరుణ్ తనను ఏడిపించినా చెప్పలేదు.

తొంభై ఆరులో వానలు వెనకబట్టాక వచ్చిన జ్వరాల్లో అరుణ్ పోయాడు.

సైకిలు మెట్ల కిందే ఉండిపోయింది. దీపావళి వెళ్ళింది, చలి వచ్చింది. ఒక సాయంత్రం వాళ్ళమ్మ ఇంద్రాణి పాతగుడ్డ తెచ్చి దాని దుమ్ము తుడిచింది.

"తొక్కుతావా?" అంది కూతురితో.

హరితకు తొక్కాలని లేదు. కానీ ఆ రోజుల్లో అమ్మ నోరు తెరిచి ఏదైనా అడగడమే అరుదు. ఊఁ అంది.

హరిత గేటు దగ్గరికి రాగానే పిల్లలు పక్కకు జరిగి ముందు చోటు వదిలారు. ఎక్కబోయి రెండుసార్లు తూలితే ఎవరూ నవ్వలేదు. ఎంత మెల్లగా తొక్కినా ఎవరూ దాటిపోలేదు. వెనకవాళ్ళ బ్రేకులు కీచుమంటూనే ఉన్నాయి. రౌండు అయ్యాక, "హరితా దీదీ ఫస్ట్!" అని గుర్మీత్ అరిచాడు. అక్క అన్నాడు గానీ ఆమె కంటే వాడే పెద్ద.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

స్కూల్లో హోంవర్కు చెయ్యకపోతే టీచరు పర్వాలేదంటోంది. కింది వాటా రాజేశ్వరమ్మ ఆంటీ రోజూ గిన్నెలో ఏదో ఒకటి పంపుతోంది. ఇంట్లో నాన్న చెప్పులు కూడా చప్పుడు కాకుండా విడుస్తున్నాడు. అందరూ మెల్లగా మాట్లాడే చోట ఉండి ఉండి ఆ పిల్లకు ఒళ్ళంతా బరువెక్కింది. ఈ సైకిళ్ళ పిల్లలైనా మునుపటిలా ఉంటారనుకుంది. వీళ్ళు దారి వదిలిన ప్రతిసారీ అన్నయ్య లేడని ఇంకోసారి చెప్పినట్టుంటోంది.

ఒకరోజు గేటు దాటిన కాసేపటికే కాలు నేలకు ఆనించి ఆగిపోయింది. వెనక అందరూ ఆగారు.

"క్యా హువా?" అన్నాడు గుర్మీత్.

"చెయిన్ పడిందా?" వరుణ్ దిగి వంగి చూశాడు.

"ఏం పడలేదు. మీరు ముందుకెళ్ళండి."

"అదెలా? గేరు సైకిలే ముందు. రూల్ రూలే కదా."

హరిత హ్యాండిలు పక్కన మీట వైపు చూసింది. చెబితే అన్నయ్య పెద్దరికం ఆ రోడ్డు మీదే పోతుంది. చెప్పకపోతే వీళ్ళు ఇలాగే తలలు వంచుకుని వెనక వస్తూ ఉంటారు.

"ఇది గేరు సైకిలు కాదు," అంది. "గేర్లు పడవు. ఎప్పుడూ పడలేదు. అన్నయ్య ఉత్తినే టక్కుమనిపించేవాడు."

వరుణ్ చెప్పు కొసతో మట్టి గీకాడు.

"పతా హై," అన్నాడు చివరికి.

"నీకెలా తెలుసు?"

"పోయిన ఎండాకాలం నాకో చక్కర్ తొక్కనిచ్చాడుగా. గుర్మీత్‌కి చెప్పా. వాడు అందరికీ చెప్పాడు."

"మైనే కిసీకో నహీ బోలా!" తనెవరికీ చెప్పలేదని గుర్మీత్ ఎగిరాడు.

"చుప్, ఝూఠే!" వాడి అబద్ధాన్ని వరుణ్ అక్కడే కొట్టేశాడు.

"మరి అన్నయ్యనెందుకు ముందు పోనిచ్చేవాళ్ళు?" అంది హరిత.

వరుణ్ ఆలోచించాడు. "ఏమో. వాడు టక్కుమనిపిస్తే మజా వచ్చేది. మాకు తెలీదనుకునేవాడు పాపం. ఉండనీలే అని..."

"నేను అన్నయ్యని కాదుగా. నాకెందుకు?"

వరుణ్ పార్కు వైపు చూశాడు. "నిన్ను ఏడిపించొద్దని మా అమ్మ చెప్పింది."

"నేనే ఏడిపించమన్నానని చెప్పు ఆంటీకి."

వరుణ్ ముక్కు తుడుచుకుని సైకిలెక్కాడు. "ఠీక్ హై. అయితే పక్కకి జరుగు, తోకా."

దాటిపోయాడు. వాడి వెనక గుర్మీత్, ఆ వెనక బుట్ట సైకిళ్ళు, ఆఖరికి అడ్డతొక్కుడు వాడు కూడా. హరిత అందరికన్నా వెనక మిగిలింది. మంచు దిగుతోంది. కాళ్ళు లాగుతున్నాయి.

పాల బూత్ మలుపు దగ్గర ఆమె బొటనవేలు దానంతటదే మీట మీదికి వెళ్ళింది.

టక్.

ముందు వరుణ్ సీటు మీంచి లేచాడు. వాడి వెనక ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఎవరూ తల తిప్పి చూడలేదు.

నిలబడి తొక్కడం హరితకు ఇంకా చేతకాదు. కూర్చునే తొక్కింది.