మింగేసిన ఎస్

తల్లికి లాండ్రీలో ఇస్త్రీ పని. కూతురిది రోజంతా ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడే ఉద్యోగం. ఇంగ్లీషు వస్తే కౌంటరు దగ్గర కూర్చోబెడతామని మేనేజరు అన్నాడని, జుట్టు నెరిశాక తల్లి కూతురి దగ్గర పాఠాలు మొదలుపెట్టింది.

పాఠాలు వంటింట్లోనే. ఒక మనిషి గురించి చెప్పేటప్పుడు క్రియ చివర ఎస్ రావాలన్న సంగతి ఆమెకు ఎంతకీ పట్టుబడలేదు. గరిట తిప్పుతున్న చేతిని ఆపి మరీ "అమ్మా, ఎస్ ఏది?" అని అడిగేది కూతురు.

"మింగేసిందే మీ అమ్మ. పాపం, పొద్దున్నించీ ఏమీ తిన్లేదు" అని పక్క గదిలోంచి తండ్రి అందుకునేవాడు.

జాతీయాల సంగతి సరేసరి. ఒంట్లో బాగా లేదా అనే అర్థంలో మేనేజరు ఒకరోజు "అండర్ ది వెదర్?" అన్నాడట. ఆమె ఒకసారి పైకి చూసి, "నో సర్, అండర్ ది రూఫ్" అందట. ఆ మాటకు తండ్రి దగ్గు తెరలు కమ్మేదాకా నవ్వాడు. ఇంగ్లీషులో మాటను ఉన్నదున్నట్టు తీసుకోకూడదని, దాని వెనకేముందో చూడాలని కూతురు విసుక్కుంది.

"మనకి మాత్రం లేవేంటే? నీ కడుపు చల్లగుండ అంటే ఐసు పెట్టమనా?" అంది తల్లి.

తండ్రి దగ్గు మాత్రం నవ్వుతో పోలేదు. ఊపిరితిత్తుల్లో గడ్డ అన్నారు. ఆసుపత్రిలో చేర్చారు. మందులు మార్చారు. మనిషి మంచానికి అతుక్కుపోయాడు.

ఆ మధ్యాహ్నం కూతురు ఆఫీసు నుంచి వచ్చేసరికి తల్లి వార్డు బయట నిలబడి ఉంది. ముఖం వెలిగిపోతోంది. డాక్టరు వచ్చి తనతోనే మాట్లాడాడని, ఎవరి సాయం లేకుండా ప్రతి మాటా అర్థమైందని చెప్పింది. ఇకనుంచి సూదులు లేవట, పరీక్షలూ లేవట.

"డాక్టర్ సే, హి కీప్ నాన్న కంఫర్టబుల్" అంది. "హాయిగా ఉంచుతారట. కరెక్టేనా?"

కూతురు గోడకు ఆనుకుంది. ఇక నయం చేయడం తమ చేతుల్లో లేదని, నొప్పి తెలియకుండా మాత్రం చూస్తామని డాక్టర్లు ఆ మాటతోనే చెబుతారు.

"కరెక్టే అమ్మా" అంది.

ఇంటికెళ్ళే దారిలో తల్లి దుకాణం దగ్గర ఆగి ఒక మెత్తటి దిండు కొంది. ఆసుపత్రి దిండు రాయిలా ఉందని ఆయన సణుగుతున్నాడట. ఇంటికి రాగానే ఆయన నీలం చొక్కా తీసి ఇస్త్రీ మొదలుపెట్టింది. ఇంటికొచ్చే రోజు వేసుకోవడానికని కూతురు అనుకుంది. చెప్పేద్దామని గుమ్మం దాకా వెళ్ళి, నీళ్ళు తాగి, మళ్ళీ వెనక్కి వచ్చి కూర్చుంది.

తల్లి కాలరు తిప్పి ఒత్తుతోంది.

"రెండు ఎస్‌లు మింగేశానే ఇందాక" అంది తలెత్తకుండా. "ఒక్కదానికీ నువ్వు అడగలేదు."

కూతురు లేచి గుమ్మం దగ్గరికి వచ్చింది.

"నేనేదో పొరబాటు పడ్డానని అప్పుడే అర్థమైంది. ఎక్కడన్నదే తెలీలేదు. దారి పొడుగునా డాక్టరన్న ఆ మాట వెనకేముందో చూస్తూనే వచ్చాను." ఇస్త్రీపెట్టె నిలబెట్టి స్విచ్చి తీసేసింది. "ఎన్నాళ్ళే?"

"డాక్టర్ని అడగాలమ్మా."

తల్లి చొక్కాకి గుండీలు పెట్టింది. మడత పెట్టింది. మడత సరిగ్గా రాలేదని విప్పి మళ్ళీ పెట్టింది. కాలరు మీద పడ్డ నీటిచుక్కను బొటనవేలితో అద్దింది.

"పద, చీకటి పడకముందే వెళ్దాం" అంది. "ఆ దిండు తీసుకో. హాయిగా ఉంచుతామన్నారుగా. అదన్నా ఉన్నదున్నట్టు చేద్దాం."