నంబరు లేని ముక్క

నా నోరు మంచిది కాదు. ముందే చెప్తున్న, తర్వాత మీరు తిట్టేటప్పుడు జర తక్కువ తిడ్తరని. "నోరు మంచిదైతే ఊరు మంచిదైతది జీ" అని నా భార్య షహర్బానో ముప్పై ఏండ్లసంది చెప్తనే ఉంది. ఇన్ననా? ఇనలె.

నా పేరు దస్తగిర్. ఆర్మూర్ల మామిడిపల్లి చౌరస్త దాటినంక ఎడమ దిక్కు నీలి రేకుల షెడ్డు నాదే. పంతొమ్మిదేండ్లు షార్జాల అమెరికన్ కార్ల గ్యారేజీల పని చేసి వచ్చిన. ఇంజన్ శబ్దం ఇని ఎనిమిది ప్లగ్గులల్ల ఏది సతాయిస్తున్నదో చెప్పేటోన్ని. ఇక్కడికొచ్చినంక బొలెరోలు, ట్రాక్టర్లే నా నసీబు అయినయి. గట్లుండంగ పోయిన ఏడు గంగాప్రసాద్ సేఠ్ నిజామాబాద్‌కెళ్లి లారీ మీద ఒక కారు ఏసుకొని వచ్చిండు. టార్పాలిన్ లేపి చూస్తె నా గుండె ఆగినంత పనైంది. మస్టాంగ్! అమెరికా కారు, అరవై తొమ్మిది మోడల్. ఎన్కట ఎవరో ఎంబసీ సాబ్ మన దేశానికి తెచ్చుకున్నదట. చేతులు మారి మారి ఒక రైస్‌మిల్లు గోదాముల పాతికేండ్లు పడి ఉన్నది. సీట్లను ఎలుకలు తిన్నయి, నేలను తుప్పు తిన్నది.

"దస్తగిర్, ఇది ఫ్యాక్టరీలకెళ్లి ఇయ్యాల్నే వచ్చినట్టు కావాలె" అన్నడు సేఠ్. "పాత ముక్కలు ఉన్నకాడికి ఉంచు. లేనియి అమెరికకెళ్లి తెప్పియ్యి. డూప్లికేట్ మాత్రం వద్దు."

గా తెప్పిచ్చుడు పని నా బిడ్డ అస్రాది. ఇరవై నాలుగేండ్లుంటయి, పాలిటెక్నిక్ల మెకానికల్ చేసింది. నన్ను అబ్బా అని పిలుస్తది, అంటె నాయిన. గిసొంటి కార్లకు పాత ముక్కలు ఇప్పుడు దొరకయి. కారు కంపెనీ దగ్గర పర్మిషన్ తీసుకొని, పాత నమూనా ప్రకారమే కొత్తగ చేసి అమ్మేటోళ్లు అమెరికల ఉన్నరు. దాన్ని రీప్రొడక్షన్ అంటరు. పర్మిషన్ లేకుంట ఎవడో అచ్చు పోసి అమ్మేది ఇంకొకటి. ఫోటోల రెండూ కవల పిల్లల లెక్కనే కనబడ్తయి. ఆ తేడా పట్టుడుల మా పోరి రాక్షసి. వెనుక లైటు అద్దం వస్తె ఎండకు పట్టి, లోపలి గీతలు లెక్కబెట్టి, "అబ్బా, రెండు గీతలు తక్కువున్నయి, ఇది నకిలీ" అని వాపస్ పంపింది. డోరు రబ్బరైతే మూడు సార్లు వాపస్. "ఓ తల్లీ, రబ్బరే కదనే, పెట్టేద్దాం" అని నేను మొత్తుకున్న. "షార్జాల గిట్లనే పెట్టేటోళ్లా అబ్బా?" అన్నది. నోరు మూసుకున్న. లోకంల నా నోరు మూపిచ్చేది గదొక్కతే.

ఇగ అసలు ముచ్చటకొస్త. ఇంజన్ల ప్లగ్గులకు వంతులేసి కరెంటు పంచేది ఒకటుంటది, డిస్ట్రిబ్యూటర్ అంటం. దాని బాడీ అల్యూమినియంది. మెడ మీద నంబరు, తయారైన తారీఖు గుద్ది ఉంటయి. మా కారుకున్నది కారుతోటి పుట్టిందే. సేఠ్ మొదటి రోజే దాని ఫోటో తీసి పెట్టుకున్నడు.

"ఈ నంబర్లు కలిస్తెనే కారుకు ఇజ్జత్" అన్నడు. "నంబరున్న ముక్కలకు బ్రష్షు, కిరసనాయిలు తప్ప ఇంకేది తాకొద్దు."

"తాకియ్య సేఠ్" అన్న.

ఆ డిస్ట్రిబ్యూటర్ బాగైతదో కాదోనని అస్రా ఒక రీప్రొడక్షన్ గూడ తెప్పిచ్చింది. అచ్చం గట్లనే ఉండె, కాని మెడ మీద నంబరు లేదు. ఎవడూ అసలుదని చెప్పి అమ్మకుంట ఆ తయారు చేసేటోళ్లు నున్నగనే ఇడిచిపెడ్తరట. తర్వాత పాతదే బాగైంది. కొత్తది డబ్బల కట్టి అస్రా వాపస్ పంపింది.

మార్చి నెల. మార్కెట్ నిండ పసుపు. ఊర్ల ఏ దిక్కు తిరిగినా ముక్కుకు అదే వాసన. ఆ రోజు పొద్దున పదకొండు గంటలకు సేఠ్ హైదరాబాద్‌కెళ్లి జయరాజ్ సార్‌ను తీసుకొని వచ్చిండు. పాత కార్లను పరీక్ష చేసి ఇది అసలుది, ఇది నకిలీ అని కాయితం రాసిచ్చే మనిషాయన. తెల్ల అంగీ, చేతుల టార్చి, మెడల భూతద్దం. కారు చుట్టు తిరుగుడే రెండు గంటలు. లైటు అద్దం చూసిండు, గీతలు లెక్కబెట్టిండు, "మంచిది తెచ్చిండ్రు" అన్నడు. రబ్బరు చూసిండు. కారు ముందటి గ్రిల్లు జాలి చూసి "దీన్ని ఎవరు ఎంచిండ్రు?" అని అడిగిండు. "నా బిడ్డ సార్" అన్న. నా ఛాతి రెండింతలైంది. అస్రా ఓ మూలకు నిలబడి దుపట్ట కొస వేలికి చుట్టుకుంట నవ్వుతున్నది.

తర్వాత ఆయన బెంచీ మీద పెట్టిన డిస్ట్రిబ్యూటర్ చేతుల పట్టుకున్నడు. టార్చి ఏసిండు. తిప్పిండు. మళ్ల తిప్పిండు.

"దీని మీద నంబరు లేదు" అన్నడు.

"ఉంటది సార్, జర మంచిగ చూడుండ్రి."

"మంచిగనే చూసిన. లేదు."

నేను గుంజుకున్నట్టే తీసుకొని చూసిన. తెల్లగ మెరుస్తున్నది. మెడ మీద ఒక్క అంకె లేదు. నా చెమట దాని మీద పడ్డది.

సేఠ్ మొఖం నల్లగైంది. "నంబరు లేనిది కొత్త ముక్క అని నువ్వే చెప్పినవ్ కదా దస్తగిర్. మరి నా పాతది యాడ పోయింది? వాపస్ పంపిన డబ్బల ఏం పెట్టిండ్రు?"

"కొత్తదే పెట్టిన సార్" అన్నది అస్రా.

"అసలు ముక్క కోసం కార్ల పిచ్చోళ్లు ఎగబడ్తరు. ఎంత చెప్తె అంత ఇస్తరు" అన్నడు జయరాజ్ సార్, ఎవరి దిక్కు చూడకుంట.

సేఠ్ ఫోన్ తీసిండు. "ఠాణల ఎస్సై నాకు తెలిసినోడే. డబ్బ పంపిన రసీదు ఎవరి పేరు మీదుందో వాళ్ల మీదనే కేసు పెట్టిస్త."

రసీదు అస్రా పేరు మీద ఉంది. సంబంధం చూసినా, నౌకరీ చూసినా ఆడపిల్ల మీద దొంగతనం కేసంటే ఏందో మీకు నేను చెప్పాల్నా? అసొంటప్పుడు మనిషన్నోడు ఏం చెయ్యాలె? బిడ్డ ముందట అడ్డం నిలబడాలె. నేనేం చేసిన్నో ఇనుండ్రి.

నెల కింద హైదరాబాద్ నుంచి ఎవడో అస్రాకు రెండు మూడు సార్లు ఫోన్ చేసిండు. ఎవరే అంటే, "పాత ముక్కలు కొనేటోడట అబ్బా, మన దగ్గర లెవ్వని అన్న" అని చెప్పింది. అప్పుడు ఇని ఇడిచిపెట్టిన. ఇప్పుడు అదే నా నెత్తిల పాము లెక్క లేచింది.

"అస్రా, డబ్బల ఏం పెట్టినవ్?"

"కొత్తదే అబ్బా. చూసే పెట్టిన."

"మరి దీని మీద నంబరేది?"

"నాకు తెల్వదు. మీరు బాగు చేసి పెట్టినంక నేను దాన్ని ముట్టనే లేదు."

"గా హైదరాబాదోనికి అమ్ముకున్నవా?"

ఇంట్ల మేము ఉర్దూల మాట్లాడుకుంటం. ఈ మాట మాత్రం నేను తెలుగుల అన్న, గట్టిగ అన్న. సేఠ్ ఇనాలె, దస్తగిర్ మంచోడు, తప్పు బిడ్డది అనుకోవాలె అని. అప్పుడు నాకు గట్ల సమజ్ కాలె, కోపం అనుకున్న. ఇప్పుడు చెప్తున్న, అది కోపం గాదు, భయం. నన్ను నేను బచాయించుకున్న.

అస్రా నా దిక్కు చూసింది. "లేదు అబ్బా" అన్నది, అంతే. పోయి పాత టైరు మీద కూసున్నది. నేనైనా ఆగిన్నా? "పంతొమ్మిదేండ్ల నా పేరు గంగల కలిపితివి కదనే!" అని ఇంకోటి ఇసిరిన. పోరి తలకాయ లేపలె.

సేఠ్ నంబరు నొక్కుతుంటె జయరాజ్ సార్ చెయ్యి అడ్డం పెట్టిండు. "ఆగుండ్రి. దీని మీద సిల్వర్ పేంట్ కొట్టి ఉంది. జర థిన్నర్ ఉంటె ఇయ్యుండ్రి."

నేను కదలక ముందే అస్రా లేచింది. థిన్నర్ సీస, తెల్ల గుడ్డ తెచ్చి సార్ చేతికిచ్చింది. నా పక్కకెళ్లే పోయింది, నన్ను తాకకుంట పోయింది.

ఆయన రుద్దుతున్నడు. సిల్వర్ పోయింది. కింద అంత చిన్న చిన్న దెబ్బలు. రాళ్లల్ల ఏసి కుదిపినట్టు అల్యూమినియం పైపొర చితికి మూసుకపోయింది. ఇంకా రుద్దిండు. అప్పుడు ఒక సన్న గీత కనబడ్డది. పచ్చగ. పక్కనే ఇంకో గీత.

"ఏదో గుద్ది ఉంది" అన్నడు. సేఠ్ ముందటికి వంగిండు. జయరాజ్ సార్ అంగీకున్న పిన్నీసు తీసి ఆ గీతలకెళ్లి చిటికెడు పొడి తీసి గోరు మీద పెట్టుకున్నడు. వాసన చూసిండు. "పసుపు" అన్నడు.

"పసుపా?"

"అవు. నాకు అనుమానంగ ఉంది సేఠ్. కొత్త ముక్క మీద దొంగ నంబరు గుద్ది, పాతగ కనబడాలని గీతలల్ల ఏదో ఒకటి నింపుతరు. మట్టి నింపినోళ్లను చూసిన. పసుపు నింపినోళ్లను ఇప్పుడే చూస్తున్న."

ఇద్దరు అస్రా దిక్కు తిరిగిండ్రు.

ఫిబ్రవరి యాదికొచ్చింది. మరిచిపోయిన అంటె అబద్ధమైతది, యాది చేసుకోలేదు, గంతే. పసుపు ఉడకబెట్టి ఎండబోసినంక కొమ్ములను పెద్ద ఇనుప డ్రమ్ముల ఏసి ట్రాక్టరుతోటి గిరగిర తిప్పుతరు, పొట్టంత రాలి నున్నగైతయి. నా దోస్తు దేవన్నకు అసొంటి డ్రమ్ముంది. తుప్పు పట్టిన బోల్టులు, క్లిప్పులు సంచిల నింపుకొని పోయి, ఏరేసిన పుచ్చు కొమ్ములతోటి కలిపి అండ్ల తిప్పిచ్చుకున్న. బోల్టులు వెండి లెక్క వచ్చినయి. ఆ రోజు డిస్ట్రిబ్యూటర్ మీద తెల్ల పొర బ్రష్షుకు పోతలేదు. చిరాకైంది. దాన్ని గూడ సంచిల ఇసిరిన. "భాయ్, ఇది నాజూకు సామాన్ లెక్కుంది, వద్దు" అన్నడు దేవన్న. "నీకేం తెల్సు, తిప్పు" అన్న. గంట సేపు బోల్టులు దాన్ని కొట్టినయి, పసుపు దాన్ల దూరింది. ఇంటికి తెచ్చి మెరుపు కోసం సిల్వర్ కొట్టిన. అస్రా ఆ రోజు మోర్తాడ్ల వాళ్ల ఖాల, అంటె చిన్నమ్మ ఇంట్ల ఉన్నది. వచ్చినంక నేను చెప్పలె. చెప్తె తిడ్తదని.

ఇప్పుడు చెప్తె సేఠ్ ఊకుంటడా? తాకొద్దన్నది తాకిన. చెప్పకుంటె బిడ్డ ఠాణకు పోతది.

"సేఠ్" అన్న. ఆయన అస్రా దిక్కే చూస్తున్నడు. మళ్లన్న. "సేఠ్, అది నేను చేసిన. పసుపు డ్రమ్ముల ఏసి తిప్పిచ్చిన. అస్రాకు తెల్వనే తెల్వదు."

"ఏందీ?"

దేవన్నకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టిన. "ఫిబ్రవరిల నీ డ్రమ్ముల నేనేమేసిన్నో సేఠ్‌కు చెప్పు" అన్న.

"బోల్టులు, ఇంకో అల్యూమినియం డబ్బ" అన్నడు అటుకెళ్లి దేవన్న. "వద్దు భాయ్ అంటె ఇన్నవా? ఏమైంది, పలిగిందా?"

జయరాజ్ సార్ ఒక్కొక్క అంకె పిన్నీసుతోటి తీసిండు. సేఠ్ తీసిన ఫోటో పక్కకు పెట్టి చూసిండ్రు. మూడో అంకె జర పక్కకు ఒరిగి ఉంటది. ఫోటోల గట్లనే ఉంది, ముక్క మీద గూడ గట్లనే ఉంది. తారీఖు కలిసింది. "అసలుదే" అన్నడు సార్. "నంబరు అరిగింది గాని అసలుదే."

సేఠ్ నన్ను తిట్టిండు. అడ్డమైన తిట్లు తిట్టిండు. పడ్డ. తిట్టి తిట్టి అలిసిపోయి కుర్చీల కూసున్నడు.

జయరాజ్ సార్ కాయితం రాస్తున్నడు. "ముక్కలు ఎంచి తెచ్చినోళ్ల పేరు ఇక్కడ రాయాలె. ఎవరి పేరు?"

"అస్రా బేగం రాయుండ్రి సార్" అన్న ఉరికి. నా గలతీ గింతతోటన్న దిద్దుకుందామని.

"వద్దు సార్" అన్నది అస్రా. "మా అబ్బా పేరే రాయుండ్రి. రేపు ఇంకేదన్న కనబడకుంటె మళ్ల నా దిక్కే చూస్తరు."

సార్ పెన్ను ఆగింది. నా మొఖం దిక్కు చూసి, నా పేరే రాసిండు.

వాళ్లు పోయినంక షెడ్డుల మేమిద్దరమే. అస్రా సబ్బు పెట్టి చేతులు కడుక్కుంటున్నది. నేను ఎనుక నిలబడి, "బేటా, గలతీ అయింది. మాఫ్ చెయ్యి" అన్న. నా జిందగిల నేను ఎవరితోని అనని మాట అది.

నల్లా బంద్ చేసింది. చేతులు తుడుచుకున్నది.

"పసుపు దొరికింది కాబట్టి గలతీ అంటున్నరు అబ్బా" అన్నది, ఉర్దూల, మెల్లగ. "దొరకకపోతె?"

చెప్పులేసుకొని ఇంటికి పోయింది. ఇయ్యాల్టికి పది రోజులు. వంట చేస్తది, పెడ్తది, అడిగితె జవాబిస్తది. షెడ్డుకు మాత్రం వస్తలేదు. కారు తయారైంది, ఎనిమిది ప్లగ్గులు మంచిగ మండుతున్నయి, రోడ్డు మీద పోయేటోళ్లు ఆగి ఇంటున్నరు. ఆ పోరి అడిగినదానికి జవాబు మీకు తెలిస్తె చెప్పుండ్రి. నాకైతే దొరకలె.