మూరెడు చీపురు మాట

నేను ఒక చీపురును. ముఖం చిట్లించుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నాకేమీ లోటు లేదు. నన్ను లక్ష్మి అంటారు, తలుపు చాటున దాస్తారు. కాలు తగిలితే కళ్ళకద్దుకుంటారు, చుట్టాలొస్తే మంచం కిందికి తోస్తారు. దీపాలు పెట్టాక నన్ను ముట్టుకుంటే ఇంట్లో సిరి పోతుందంటారు. ఆ సిరి పగలంతా ఎవరి పుణ్యాన నిలిచిందో మాత్రం అడగరు. ఇంత మర్యాదా ఇంత అవమానమూ ఒకే వస్తువుకు ఎలా కుదిరాయో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

పుట్టింది పాడేరు కొండల మీద. నాతోపాటు పెరిగిన గడ్డినంతా కోసి, ఎండబెట్టి, దులిపి, పెద్ద పెద్ద చీపుర్లుగా కట్టారు. నేనూ అలాగే అయ్యేదాన్ని. నర్సీపట్నం సంతలో నూకరత్నం అనే మనిషి వచ్చి చీపుర్లు కట్టే ఆవిడ ముందు గొంతుక్కూర్చుంది. మూరెడు చీపురు కావాలంది. పిడి సన్నగా ఉండాలంది.

"బొమ్మకేటమ్మా?" అని నవ్వింది ఆవిడ.

"మనిషికే. చిన్న మనిషికి."

ఆవిడ కత్తి తీసింది. పుల్లల్ని పొట్టిగా నరికి, గుప్పెడు తీసుకుని పురికొసతో బిగించింది. నన్ను కురచ చేశారని ఆ రోజు మనసులో ఎంత తిట్టుకున్నానో నాకే తెలుసు. నా పక్కనున్న పెద్ద చీపుర్లు పిడులు ఎగరేసి నవ్వాయి కూడా. అవి ఇప్పుడు ఏ తలుపు చాటున ఉన్నాయో.

నూకరత్నం ఇంటి ముందుగదిలో పగలంతా ఏడెనిమిది మంది పిల్లలు ఉండేవారు. మూడేళ్ళు, నాలుగేళ్ళు వయసు. తల్లులు పనులకు పోతూ దింపి వెళ్ళేవారు. విశాఖలో మాంటిస్సోరి పద్ధతి, అంటే పిల్లల పని పిల్లలే చేసుకుని నేర్చుకునే పద్ధతి, నేర్చుకొచ్చిన రత్నం ఆ గదిలో ఉన్నవన్నీ పిల్లల ఎత్తుకు దించేసింది. అద్దం, నీళ్ళ చెంబు, చేతిగుడ్డ, అన్నీ వాళ్ళ భుజాల దగ్గరే. నన్నూ అక్కడే ఒక కొక్కేనికి తగిలించింది. గుమ్మంలో అడుగుపెట్టిన ఎవరికైనా ముందు నేనే కనబడతాను. వచ్చినవాళ్ళు ఇబ్బందిగా చూపు తిప్పుకునేవారు. నేను తిప్పుకోలేదు.

చిన్నపిల్లల చేతికి చీపురిస్తే చెత్తను గదంతా పరుస్తారు. తోయడం వచ్చు, ఎక్కడికి తోయాలో రాదు. అందుకని రత్నం నేలమీద ముగ్గుతో పళ్ళెమంత సున్నా గీసేది. గోడల వైపు నుంచి మొదలుపెట్టి చెత్తంతా ఆ సున్నాలోకి తేవాలి. ఒక్కసారి తానే చేసి చూపించేది, నోరు మెదపకుండా, నెమ్మదిగా. ఆ తర్వాత నన్ను వాళ్ళకిచ్చేసి చేతులు కట్టుకుని కూర్చునేది. ఆ కూర్చోవడం ఎంత కష్టమో ఆవిడ వేళ్ళు చూస్తే తెలిసేది. సాయం చేయబోయి చేయబోయి ఆగేవి.

ఆ పిల్లల్లో మోక్షిత్ అని ఒకడు. వచ్చిన కొత్తలో చెయ్యి చాచి నిలబడేవాడు, ఎవరో వచ్చి కడుగుతారని. నోరు తెరిచి కూర్చునేవాడు, ఎవరో ముద్ద పెడతారని. ఇంట్లో వాళ్ళ నానమ్మ సన్యాసమ్మ కంచం పట్టుకుని వాడి వెనక వీధంతా తిరిగేది మరి. ఏదైనా కింద పడిందంటే చాలు, వాడు రెండు చెవులూ మూసుకుని ఏడ్చేవాడు. పడేయడం తప్పని, తప్పు జరిగితే పెద్దవాళ్ళు అరుస్తారని వాడికి ఎవరో బాగా నేర్పారు. పడినదాన్ని ఏం చేయాలో మాత్రం ఎవరూ నేర్పలేదు.

ఒక రోజు శనగపప్పు ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పోస్తుంటే అంతా ఒలికింది. వాడు చెవులు మూసుకున్నాడు. రత్నం అరవలేదు, పప్పు తానే ఎత్తనూ లేదు. ముగ్గు సున్నా గీసి నా వైపు చూసింది. వాడు ఏడుస్తూనే వచ్చి నన్ను తీశాడు. ముక్కు కారుతోంది. సగం పప్పు సున్నాలోకి వచ్చేసరికి ఏడుపు సంగతి మరిచిపోయాడు. ఆ రోజు నుంచి ఏం పడినా వాడి చూపు ముందు నా కొక్కెం మీదికి వచ్చేది. రాజుగారి కత్తికి కూడా ఇంత నమ్మకం దక్కి ఉండదు.

గొడవ కూడా శనగపప్పుతోనే వచ్చింది. మరో రోజు మధ్యాహ్నం మోక్షిత్ ఒలికిన పప్పును సున్నాలోకి చేర్చి, నన్ను అక్కడే అడ్డంగా పడేసి, చేట కోసం వంటింట్లోకి పోయాడు. రత్నం మిగతా పిల్లలతో పెరట్లో చేతులు కడిగిస్తోంది. సరిగ్గా అప్పుడే సన్యాసమ్మ మనవడి కోసం పెందలాడే వచ్చి గుమ్మంలో నిలబడింది. మనిషి లేని గది. నేల మీద ముగ్గు సున్నా. అందులో పచ్చగా గింజలు. వాటి మీద చీపురు. ఇంతలో లోపల్నుంచి మనవడు చేట పట్టుకుని వచ్చాడు.

చిల్లంగి అంటే మా వైపు చేతబడి. ఆ మాట సన్యాసమ్మ నోటి నుంచి నేను విన్నాను. చేట ఎగిరి పడింది, పిల్లాడు చంకలోకి వెళ్ళాడు, ముసలావిడ వీధిలోకి వెళ్ళింది. రత్నం చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి నేనూ పప్పూ మిగిలాం.

సాయంత్రానికి ఊరి నోట ముగ్గు సున్నాలో పసుపు కూడా చేరింది. చీకటిపడేసరికి నిమ్మకాయలు చేరాయి. ఊళ్ళో మాటకు ఎవరో ఒకరు తలా కాస్త పెడుతూనే ఉంటారు. ఆ వేడిలో అసలు సంగతి కూడా బయటపడింది. మగపిల్లాడి చేత చీపురు పట్టించడమేమిటని అందరికీ ముందునుంచే కడుపులో ఉందట. చిల్లంగి దొరికాక అదీ కలిపి కక్కారు.

మర్నాడు ఇద్దరు పిల్లలే వచ్చారు. మోక్షిత్ తల్లి హేమ ఫోన్ చేసింది. చిల్లంగి మాట తాను నమ్మనంది. కానీ ఆ సున్నా చెరిపేసి, చీపురు తీసేసి, పిల్లల చేత ఏబీసీడీలు గట్టిగా చెప్పిస్తే అత్తగారితో సహా అందరూ సర్దుకుంటారంది. లేకపోతే ఒక్కరూ పంపరని కూడా చెప్పింది. రత్నం నా కొక్కెం వైపు చూస్తూ వింది. తీసేయడానికి నేనెంత, మూరెడు. పెట్టెలో వేసి మూత పెడితే ఇల్లు మళ్ళీ నిండుతుంది.

"చీపురు తీసేస్తే నాకు పిల్లలు మిగుల్తారు హేమా. మీవాడికి మళ్ళీ ఏడుపు మిగుల్తాది," అని పెట్టేసింది.

ఆ తర్వాత ఆవిడ చేసిన పని చూసి నేనే బిత్తరపోయాను. నన్ను తీసుకెళ్ళి వీధి గేటుకు తగిలించింది. గేటు ముందు నేల తడిపి ముగ్గు సున్నా గీసింది. మిగిలిన ఇద్దరు పిల్లల్నీ తీసుకుని గట్టు మీద కూర్చుంది. చాటున జరిగిందనే కదా మీ బాధ, రండి, చూడండి అన్నట్టుగా. ఆ ఇంటికి వచ్చాక ఎన్నడూ వీధి ముఖం చూడని చీపురును నేను, ఆ పొద్దున పుల్లలన్నీ విరుచుకుని వేలాడాను.

జనం చేరారు. సన్యాసమ్మ రానే వచ్చింది, ఒక చేత మనవడు, ఇంకో చేత వాడి తిండి డబ్బా.

"ఓలమ్మ, ఈదిలోకి కూడా తెచ్చీసినావేటే ఇదీ? మా గుంటడికి ఏటెట్టినావో గానీ, రాత్రి నుంచి సీపురేదీ, సీపురేదీ అనడుగుతన్నాడు."

"పెట్టిందేటీ లేదు పెద్దమ్మా. అడిగితే ఇచ్చీడమే," అంది రత్నం, కూర్చున్నచోటి నుంచి లేవకుండా.

ఆ నిదానానికి ముసలావిడకు ఒళ్ళు మండింది. చెయ్యి ఊపి ఏదో అనబోయింది. ఆ ఊపుకు డబ్బా మూత లేచిపోయి మరమరాలన్నీ వీధిలో పడ్డాయి.

అందరూ మోక్షిత్ వైపు చూశారు. వాడి ఏడుపు ఆ వీధికంతటికీ తెలుసు. వాడు చెవులవైపు చేతులు ఎత్తాడు కూడా. సగంలో ఆపాడు. గేటు దాకా నడిచి నన్ను తీశాడు.

దూరం నుంచి మొదలుపెట్టాడు. మరమరాలు తేలికవి, గట్టిగా తోస్తే ఎగిరిపోతాయి. అది వాడికి తెలుసు, నేల మీద నన్ను నిమిరినట్టు లాగాడు. జనం చుట్టూ తిరిగాడు. జరగమన్నచోట పెద్దవాళ్ళు జరిగారు. ఎందుకు జరుగుతున్నారో వాళ్ళకు తోచినట్టు లేదు. చివరికి నడిమధ్యలో నిలబడ్డ నానమ్మ దగ్గరికొచ్చి ఆగాడు.

"నానమ్మా, కాలు తియ్యి. కింద ఒకటుంది."

సన్యాసమ్మ తీసింది. వాడు దాన్ని కూడా సున్నాలోకి చేర్చి, వంగి చూసి, ఇంకేమీ మిగల్లేదని తేలాక నన్ను గేటుకు తగిలించబోయాడు.

"ఆ ముగ్గెందుకురా?" అంది ముసలావిడ. గొంతు తగ్గింది.

"సెత్త కూకోడానికి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నిమ్మకాయలు చేర్చినవాళ్ళే అయి ఉంటారు.

సన్యాసమ్మ మనవడి చేతిలోంచి నన్ను లాక్కుంది. విరిచేస్తుందనుకుని రత్నం లేచింది. నేనూ అదే అనుకున్నాను. విరిచినా గీత చెరగదు, ఇంకో మూరెడు చీపురు సంతలో దొరుకుతుంది, కానియ్ అనుకున్నాను. ముసలావిడ నన్ను తిరగేసి, పిడిని నేలకేసి రెండు దెబ్బలు కొట్టింది. పుల్లలు సర్దుకున్నాయి. నా కట్టు వదులైపోయిన సంగతి ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. ఆవిడ పురికొస విప్పి, పంటితో పట్టి, నన్ను ఊపిరాడకుండా బిగించింది.

"గుంటలకిచ్చిన సీపురు గట్టిగుండాల. పుల్లలు గుచ్చుకోవా?" అని రత్నాన్ని కసిరి, నన్ను మనవడికిచ్చి, ఖాళీ డబ్బా పట్టుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. మనవడిని మాత్రం అక్కడే వదిలింది. తప్పయిందని అప్పుడూ అనలేదు, తర్వాతా అనలేదు.

ఆ వారం పిల్లలు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. ఇద్దరు రాలేదు. వాళ్ళ కోసం రత్నం గీత చెరపలేదు.

ఇప్పుడు నేను జానెడు కూడా లేను. అరిగాను. నా పక్క కొక్కేనికి కొత్త చీపురు వచ్చింది. కట్టింది సన్యాసమ్మే. నన్ను మాత్రం తీసేయొద్దని పిల్లలు పట్టుబట్టారు, కిటికీ మూలలకు నేనే పనికొస్తానట. చుట్టాలొచ్చినా, దీపాలు పెట్టినా నేను ఇక్కడే, గుమ్మానికి ఎదురుగా వేలాడుతుంటాను. చూపు తిప్పుకుంటే తిప్పుకోండి. మీ కాలి కింద ఏదైనా పడి ఉంటే మాత్రం, కాస్త జరగండి.