ఇల్లు కొనేముందు వేపి చూడాలి

ఇల్లు కొనడంలో మెలకువలు తనకు తెలిసినంతగా కలకత్తా వాట్‌గంజ్ పేట మొత్తంలో ఇంకెవరికీ తెలియవని కూర్మయ్య నమ్మకం. ఇల్లు మాత్రం ఇంకా కొనలేదు.

ముప్ఫై ఆరేళ్లు రేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి. ఏ బరువును ఎక్కడ పట్టి ఎత్తాలో పైనుంచి ఒక్క చూపులో చెప్పేసేవాడు. ఆ చూపే ఇళ్లమీద కూడా పనిచేస్తుందనుకున్నాడు. కాళ్లకు బలపం కట్టుకుని కలకత్తాకు దక్షిణాన ఉన్న పల్లెలన్నీ తిరిగి, నాలుగు నెలల్లో పదకొండు ఇళ్లు చూసి, పదకొండింటికీ పెదవి విరిచాడు. ఒకదాని సందులో అంబులెన్సు తిరగదు. ఒకదానికి ఏడుగురు అన్నదమ్ములు వాటాదారులు, అందులో ఇద్దరు ఎక్కడున్నారో దేవుడికే తెలియాలి. ఇంకొకటి లక్షణంగా ఉంది గానీ, క్లబ్బు కుర్రాళ్ల మైకు సరిగ్గా పడగ్గది కిటికీకి ఎదురుగా ఉంది.

అలా వంకలు పెట్టుకుంటూ కూర్చుంటే మార్చి నెల సగమైపోయింది. నెలాఖరుకు పోర్టు క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఈలోగా ఇల్లు దొరక్కపోతే ఇక మిగిలింది సాల్ట్ లేక్‌లో కూతురు రమాకుమారి ఫ్లాటే. మంచి పిల్ల, అల్లుడూ మంచివాడే. ఐదో అంతస్తులో వీళ్లకోసం ఒక గది సర్ది కూడా ఉంచారు. ఆ గది తలుచుకుంటేనే కూర్మయ్య గుండెల్లో రాయి పడుతుంది.

అందుకు కారణం నెత్తళ్లు. కిందటేడు అక్కడ వారం రోజులున్నప్పుడు కూర్మయ్య భార్య సన్యాసమ్మ, శ్రీకాకుళం నుంచి వచ్చిన ఎండునెత్తళ్లు, వేలెడంత ఎండుచేపలు, గుప్పెడు వేపింది. పావుగంటలో వాచ్‌మన్ గ్యాసు లీకైందేమోనని పరిగెత్తుకొచ్చాడు. సాయంత్రానికల్లా లిఫ్టులో నోటీసు అంటించారు. రమాకుమారి తల్లిని పల్లెత్తు మాట అనలేదు. గదిగదికీ సెంటు కొట్టి, మొహం అటు తిప్పుకుని నిలబడింది. అంతకంటే నాలుగు తిట్టినా బావుండేది. మిగిలిన బతుకంతా ఏ వాసన ఎవరి ముక్కు దాకా పోతుందోనని భయపడుతూ గడపాలా అన్నది కూర్మయ్య బాధ. సొంత ఇల్లు అతనికి కావలసింది అందుకే.

పన్నెండో ఇల్లు ఆమ్‌తలా దాటాక దొరికింది. రెండు గదులు, వంటిల్లు, పెరట్లో జామచెట్టు, వెనక చెరువు. కూర్మయ్య కాగితాలు మూడుసార్లు చదివించుకున్నాడు. దారిని అడుగులతో కొలిచాడు. బోరింగు కొట్టి నీళ్లు తాగాడు. గోడలకు కొత్తగా వేసిన సున్నాన్ని చేత్తో తడిమి మెచ్చుకున్నాడు. పక్కింటి గోడమీంచి ఒక బట్టతల పెద్దమనిషి కనబడితే, "దాదా, ఇక్కడ నీళ్లవీ ఇబ్బంది లేదు కదా?" అని బెంగాలీలో అడిగాడు. ఆయన "ఏమీ లేదు" అని తల లోపలికి తీసుకున్నాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకనందుకు కూర్మయ్యకు కొంచెం వెలితిగా కూడా అనిపించింది. రేపొచ్చి అడ్వాన్సు ఇస్తానని బ్రోకరు బాప్పాతో చెప్పి వచ్చేశాడు.

విన్నాక సన్యాసమ్మ ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "గోడలు సూసినావు, కాయితాలు సూసినావు. పక్కోలు ఎలాటోలో సూసినావేటి?"

"పక్కోల్ని కొంటన్నావేటే?"

"కొనం. ఆల్ల పక్కన బతకాల. రేపు నానూ వస్తాను."

వస్తాననడమే కాదు, మర్నాడు చిన్న గ్యాసు స్టవ్వూ మూకుడూ మొగుడి నెత్తిన పెట్టించి, సంచీ తన చంకన పెట్టుకుని బయల్దేరింది. సంచీలో ఏముందో రెండు బస్సులు ఎక్కి దిగేలోగా తోటి ప్రయాణికులందరికీ తెలిసిపోయింది.

ఆ ఇంటి వంటింట్లో స్టవ్వు వెలిగించి, నూనె కాగాక ఆవిడ నెత్తళ్లు వేసింది. బాప్పా జేబురుమాలు తీసి ముక్కుకు కట్టుకున్నాడు. "మాసీమా, ఏం చేస్తున్నారు? ఊరంతా లేచి వస్తుంది!"

"రానీ బాబూ. వొస్తే ఇప్పుడే రావాల. కొన్నాక వొస్తే మాకు కట్టం."

నెలాఖరుకు పదమూడు రోజులే ఉన్నాయి. చేతిదాకా వచ్చిన ఇల్లు చేతులారా పొగబెట్టి పోగొట్టుకుంటున్నామనిపించింది కూర్మయ్యకు. గాలి చెరువువైపు తిరిగితే బావుండునని దేవుడికి మొక్కుకున్నాడు. గాలి తిన్నగా పక్కింటికే వెళ్లింది.

రెండు నిమిషాలకు గోడమీద నిన్నటి బట్టతల లేచింది. "ఎవరక్కడ శుట్కి వేపుతున్నది?" అని ఒక్క గర్జన. ఎండుచేపను బెంగాలీలు అనే మాట అది.

"తప్పయిపోయింది దాదా, ఇప్పుడే దించేస్తాం," అన్నాడు కూర్మయ్య.

"దించారంటే ఊరుకోను!" అని తల మాయమైంది. మరుక్షణం మనిషే గేటు తోసుకుని వచ్చాడు. చేతిలో కంచం ఉంది.

ఆయన పేరు అనాదిబాబు, బడిలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. వాళ్ల పెద్దలు దేశం ముక్కలైనప్పుడు తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు. అటువైపు వాళ్లకు ఎండుచేపంటే ప్రాణం. ఇటువైపు వాళ్లకు ఆ పేరు వింటేనే వాంతి. ఆయన చేసుకున్నది హుగ్లీ అమ్మాయిని, అంటే ఇటువైపు మనిషిని. పెళ్లయి నలభై రెండేళ్లు. ఆయన తల్లి పోయాక ఆ ఇంట్లో ఎండుచేప పొయ్యి మీదికెక్కలేదు.

సన్యాసమ్మ తెచ్చిన చద్దన్నంలో నెత్తళ్లు కలుపుకుని, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ, నిలబడే తిన్నాడాయన. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. అది కారమో, తల్లి జ్ఞాపకమో ఆయనకే తెలియాలి. రెండోసారి వడ్డించాక, "మీరీ ఇల్లు కొంటున్నారా?" అన్నాడు.

"అవునండి, ఇవాళే అడ్వాన్సు."

అనాదిబాబు బాప్పావైపు చూశాడు. బాప్పాకు ఉన్నట్టుండి ఎవరికో ఫోను చెయ్యాలని గుర్తొచ్చి గేటు బయటికి వెళ్లాడు.

"ఆషాఢంలో మీరు నిలబడ్డ చోట నడుంలోతు నీళ్లు," అన్నాడాయన నెమ్మదిగా. "వెనక చెరువు ఇంట్లోకే వస్తుంది. ఆ కొత్త సున్నం ఎంత ఎత్తుదాకా ఉందో చూడండి."

కూర్మయ్య చూశాడు. నడుం ఎత్తుదాకానే సున్నం కొత్తది, పైన పాతదే. ఓడ ఎంతలోతు మునిగిందో దాని పక్కమీది గీత చూసి చెప్పే రేవులో ముప్ఫై ఆరేళ్లు బతికిన మనిషి, ఇంటిగోడ మీది గీతను పట్టుకోలేకపోయాడు. పైగా నిన్న చేత్తో తడిమి మరీ మెచ్చుకున్నాడు.

"మరి నిన్న అడిగితే ఏమీ లేదన్నారే?"

"నిన్న మీరెవరో నాకేం తెలుసు? మీకోసం బ్రోకరుతో ఎందుకు తగువు పెట్టుకోవాలి? ఇవాళ మీ ఉప్పు తిన్నాను, అబద్ధం ఎలా చెప్పను?"

కూర్మయ్య అరుగుమీద కూలబడ్డాడు. ఈ ఇల్లూ పోయింది. ఐదో అంతస్తు గది కళ్లముందు కదిలింది. నిజం తెలిసినందుకు సంతోషించాలో, తెలియకపోతే బావుండునని ఏడవాలో అతనికి తోచలేదు.

అనాదిబాబు మూకుడువైపు ఒకసారి, తన ఇంటివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "మా ఇంటికి అవతల మా అన్నగారి ఇల్లుంది. ఆయన పోతూ నా పేరే రాశాడు. నేల నాలుగు మెట్ల ఎత్తు, నీళ్లు ఎన్నడూ ఎక్కలేదు. ఎలాంటివాళ్లు వస్తారోనని ఎవరికీ అమ్మకుండా మూడేళ్లుగా తాళం వేసే ఉంచాం. కానీ తాళం చెవి..."

"తాళం చెవి నా దగ్గరుంది," అంది గేటు దగ్గర ఒక గొంతు.

ఆయన భార్య పారుల్. చీరచెంగు ముక్కుకు అడ్డంగా పట్టుకుని, కళ్లు మాత్రమే కనబడేలా నిలబడింది. అనాదిబాబు కంచం వెనక్కి దాచుకున్నాడు. కూర్మయ్య చేతులు జోడించాడు. వాచ్‌మన్‌ని చూశాడు, నోటీసు చూశాడు, ఇప్పుడు ఈవిడ. ఈ మనిషి ఒక్క మాటంటే బతుకు ఐదో అంతస్తుకు పోతుంది.

"నలభై రెండేళ్లుగా నా ఇంట్లో వద్దన్నాను," అందావిడ మొగుడితో. "ఇంకోళ్లింట్లో తినొద్దని ఎప్పుడైనా అన్నానా?"

తర్వాత ఈ ఇద్దరివైపు తిరిగి చెంగుచాటునుంచే అంది. "మీ ఇల్లు, మీ ఇష్టం. నా కిటికీలు నేను మూసుకుంటాను."

క్వార్టరు పోర్టుది, ఫ్లాటు కూతురిది. అరవై ఏళ్లలో తనతో ఎవరూ "మీ ఇల్లు" అన్న మాట అనలేదని కూర్మయ్య అప్పుడే గ్రహించాడు.

"కాయితాలు ఒకపాలి సూసీసి..." అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"సూద్దువుగానిలే. మొదల స్టవ్వు ఎత్తు," అంది సన్యాసమ్మ.

తాళం తీశారు. దుమ్ము దులిపిన కొత్త వంటింట్లో ఆవిడ మళ్లీ మూకుడు పెట్టి, సంచీలో మిగిలిన నెత్తళ్లు వేసింది. నూనె చిటపటలాడింది. పక్కింట్లో కిటికీ రెక్కలు ఒకదాని తర్వాత ఒకటి ధడేలు ధడేలుమని మూసుకుంటున్నాయి. కూర్మయ్య ఆ చప్పుళ్లు వింటూ, నేలమీద హాయిగా కాళ్లు చాపుకుని, కంచం ముందుకు జరిపాడు.