పలక మీద ఎర్ర మచ్చలు

నీలం... తెర నిండా చల్లటి నీలం.

మధ్యలో ఎర్రగా, వేడిగా రెండు మచ్చలు.

పలక సిలికాన్‌ది. అరచేతిలో ఇమిడిపోతుంది. లోపల వెంట్రుకంత సన్నటి కాలువలు. వాటిలో పారేది కార్బన్ డయాక్సైడు, చిన్నప్పుడు బళ్ళో బొగ్గుపులుసు వాయువని బట్టీపట్టిందే — ఇక్కడ దాన్ని ద్రవంగా మార్చి, గడ్డకట్టించే చలితో పంపుతారు.

ఈ పలక మీద కూర్చునే డిటెక్టరు, అణువుకన్నా చిన్న కణాల జాడ పట్టాలి. చల్లగా ఉంటేనే పడుతుంది. వేడెక్కిందా, లేనివి కూడా ఉన్నట్టు చూపిస్తుంది — కోపంలో ఉన్న మనిషిలా.

కాలువలు చెక్కింది ఆమె. వాటిలోకి చలిని తోలేది అతను. మొగుడూ పెళ్ళాలు. పొద్దుట్నుంచి మాటల్లేవు.

చలిని నమ్ముకుని బతికే ఆ ఇద్దరి ఇంట్లో, రాత్రంతా ఫ్రిజ్ తలుపు తెరిచే ఉంది... పాలు విరిగాయి. తెరిచిందెవరో తేలలేదు. తేలదు కూడా.

మధ్యాహ్నం ల్యాబుకి డైరెక్టర్ గారు వస్తారు. మచ్చ కనబడితే పలక చెత్తబుట్టలోకే. రెండేళ్ళ కష్టం...

కాలువే పూడిందని అతను. చలిని తోలే పంపే నీరసపడిందని ఆమె. అదీ నేరుగా కాదు — గోడకి చెప్పుకున్నారు.

ఆమె ఫిల్టర్ మార్చింది. అతను ఒత్తిడి పెంచాడు. వేడిని చూసే కెమెరా ఏటవాలుగా చూస్తోంది. తెర పలకకి అవతల ఉంది. ఇద్దరూ పలక మీదుగా వంగి తెరకేసి చూశారు.

మచ్చలు అక్కడే. పైగా కాస్త పెద్దవయ్యాయి.

ఆమెకి ఏడుపొచ్చింది. అతని ముందు ఏడవడం ఇష్టంలేక కిటికీ దాకా వెళ్ళిపోయింది.

ఒక మచ్చ మాయమైంది.

అతను నోరు తెరిచాడు. పంతం అడ్డొచ్చి మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"ఒకసారి ఇలా వచ్చి వంగు."

వంగింది. మచ్చ వచ్చింది.

"ఇప్పుడు నువ్వు జరుగు."

జరిగాడు. రెండో మచ్చ పోయింది.

పలక అద్దంలా మెరుస్తోంది. కెమెరా ఇంతసేపూ అందులో చూసింది ఉడుకుతున్న రెండు తలకాయల్ని. ఈ పనిలో ఉన్నవాళ్ళకి తెలియని సంగతేం కాదు. తెలిసినవి గుర్తురావడానికి మనసు కుదురుగా ఉండాలి కదా.

డైరెక్టర్ గారు వచ్చారు. కళ్ళజోడు సర్దుకుని వంగారు. తెర మీద గుండ్రంగా, నున్నగా, ఒక్కటే ఎర్ర మచ్చ.

"ఇక్కడింత వేడేంటమ్మా?"

"అది మీరేనండి."

ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఆ రోజు వాళ్ళకి కుదిరిన మొదటి మాట.

డైరెక్టర్ గారు వెనక్కి జరగలేదు. నమ్మకం కలగక ఇంకాస్త వంగారు...

తెర నిండా ఎరుపు.