నేత హాలు వెనక తలుపు

తాత ఆ మిల్లును రేకుల షెడ్డులో, చేతిమగ్గాలతో మొదలుపెట్టాడు. తర్వాత కరెంటు మగ్గాలు వచ్చాయి, పనివాళ్లు పెరిగారు. నూలు కండెలు మాయమవుతున్నాయన్న అనుమానమూ పెరిగింది. దాంతో నేత హాలు వెనక తలుపుకు తాళం వేయించాడు. దొంగ దొరకలేదు గాని, తాళం ఉండిపోయింది. ఆయన పెద్దకొడుకు వడుకు విభాగం కట్టించాడు, గోదాములు పెంచాడు, తాళం జోలికి మాత్రం పోలేదు. అతను పోయాక మిల్లు అతని కూతురి చేతికి వచ్చింది. తాళంచెవి మాత్రం ఆమె బాబాయి జేబులోనే ఉండేది.

“ఆ తాళం తీసేద్దాం బాబాయ్,” అని ఆమె అడిగితే, “మీ తాత ఊరికే వేశాడా అమ్మడూ? ఆ జాగ్రత్తే లేకపోతే మనమీపాటికి బట్టలు నేయడం కాదు, ఈగలు తోలుకునేవాళ్లం” అనేవాడు. పెద్దాయన్ను నొప్పించలేక ఆమె ఊరుకునేది.

ఒక మధ్యాహ్నం దూది ఏకే గదిలో మోటారు నుంచి నిప్పురవ్వ రాలింది. దూదికి నిప్పంటుకుంటే ఇక చెప్పేదేముంది! చూస్తుండగానే మంట పక్కనున్న నేత హాలు ముందు గుమ్మాన్ని కమ్మేసింది. కరెంటు పోయి మగ్గాలన్నీ ఆగిపోయాయి. లోపలివాళ్ల కేకలు ఆవరణంతా వినిపించాయి.

ఆమె, బాబాయి వెనక సందులోకి పరుగెత్తారు. ఆయన తాళంచెవి దూర్చాడు. తిరగలేదు. బలవంతాన తిప్పితే లోపలే విరిగిపోయింది.

సరుకు ఎక్కిస్తున్న లారీని డ్రైవరు సందులోకి తెచ్చాడు. “తప్పుకోండి, గుద్దేస్తా!”

“వద్దు!” ఆమె అడ్డంపడింది. “జనం తలుపుకే ఆనుకుని ఉన్నారు, నలిగిపోతారు. గొలుసు కట్టి ఇవతలికి లాగు!”

తలుపు పైసగం ఇనుప కమ్మీలు. వాటి సందుల్లోంచి పొగ, పొగలోంచి చేతులు. బాబాయి గొలుసు చుట్టబోతే ఒక చెయ్యి ఆయన చొక్కా పట్టుకుంది. తాత కాలం నుంచీ అక్కడే నేస్తున్న మేస్త్రమ్మది.

“తలుపు తియ్యవయ్యా!”

“తీస్తా తల్లీ, చెయ్యి వదులు. అందరూ వెనక్కి జరగండి!”

మేస్త్రమ్మ వదల్లేదు. ఆయన ఒక్కొక్క వేలూ విడదీసి గొలుసు బిగించాడు. లారీ కదిలింది. గొలుసు జారింది. మళ్లీ చుట్టాడు, కాలిన కమ్మీకి అరచేయి అంటుకుంటున్నా. ఈసారి తలుపు చట్రంతో సహా ఊడి వచ్చింది.

జనం ఒకరిమీద ఒకరు పడుతూ బయటపడ్డారు. స్పృహ తప్పిన ఇద్దరిని బాబాయి, డ్రైవరు లోపలికి వెళ్లి మోసుకొచ్చారు. అందరి ప్రాణాలూ దక్కాయి.

కాలిన హాలును మళ్లీ కట్టించాక, మేస్త్రమ్మ పనివాళ్లందరినీ గేటు దగ్గరే ఆపింది. “తలుపులకు తాళాలుంటే మేం లోపలికి అడుగుపెట్టం.”

“ఒక్క తాళమూ లేదు. వెళ్లి చూసి రండి” అంది తాత మనవరాలు.

బాబాయి కాలిన మచ్చలున్న చేతులు జోడించాడు. “వేసింది మా నాన్న. ఉంచింది మాత్రం నేనే.”

మేస్త్రమ్మ ప్రతి తలుపూ తోసి చూసి వచ్చింది. అందరినీ లోపలికి రమ్మంది. ఆయనతో మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు.